బండి చక్రానికి పౌడర్ కోటింగ్ – రంగుకు ముందు చేయవలసిన పని



సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగారు. కవితలు నాకు రావు. అందుకే నాకు అన్నం పెడుతున్న పని గురించి రాస్తున్నాను. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ. ఫిట్టర్ చేసి, విజయవాడ ఆటోనగర్‌లో మోటార్ సైకిల్ చక్రాలకు పౌడర్ కోటింగ్ వేసే షాపులో చేరాను. 2022లో మన జగ్గయ్యపేట, నందిగామ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి గానీ, మనవాళ్ళ బళ్ళు ఇప్పటికీ అదే హైవే మీద మా దగ్గరకు వస్తున్నాయి.

తలకు రుద్దిన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకుంటాయని సైన్సులో చదివారు కదా! పౌడర్ కోటింగ్‌లో ఉన్నదీ అదే సూత్రం. గన్ను నుంచి వచ్చే పొడి రంగుకు విద్యుదావేశం ఉంటుంది. ఎర్త్ చేసిన చక్రానికి అది అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో 10 నుంచి 20 నిమిషాలు ఉంచితే కరిగి గట్టి పొర అవుతుంది. రంగు చల్లడం కొద్ది నిమిషాల పని. అసలు పనంతా అంతకు ముందే ఉంది.

మొదట చక్రాన్ని పూర్తిగా విప్పాలి. టైరు, ట్యూబు, వాల్వు, డిస్కు, స్ప్రాకెట్, డంపర్ రబ్బర్లు, ఆయిల్ సీళ్ళు, బేరింగులు అన్నీ తీసేయాలి. లోపల బేరింగు ఉంచి ఓవెన్‌లో పెడితే దాని గ్రీజు కరిగి కారి, రంగును పాడుచేస్తుంది. బేరింగూ చెడుతుంది.

రెండవది గ్రీజు, చైన్ ఆయిల్ శుభ్రంగా కడగడం. ఇది బ్లాస్టింగుకు ముందే జరగాలి. లేకుంటే జిడ్డు లోహపు గరుకులోకి దిగిపోతుంది.

మూడవది పాత రంగు తీయడం. కంప్రెసర్ గాలితో గరుకు పొడి కొట్టి తీస్తారు. దీనికి మునేరు ఇసుక వాడితే ఖర్చు తక్కువే. కానీ ఇసుకలోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. అందుకే అల్యూమినియం ఆక్సైడ్ వంటి పొడి వాడాలి. అప్పుడు కూడా ముఖానికి సరైన మాస్కు లేకుండా నిలబడవద్దు. మూతికి కట్టిన చేతిరుమాలు మాస్కు కాదు.

నాలుగవది పరీక్ష. రంగు పోయాక పగుళ్ళు, వంకరలు బయటపడతాయి. పగిలిన అలాయ్ వీలుకు కోటింగ్ వేయడమంటే ప్రమాదాన్ని అందంగా కప్పిపెట్టడమే. బేరం పోయినా సరే, వేయనని చెప్పాలి.

అయిదవది మూత. బేరింగు కూర్చునే చోటు, డిస్కు ఆనే ముఖం, బోల్టు మరలు, డ్రమ్ము లోపలి భాగం – వీటి మీద రంగు పడకూడదు. వేడికి తట్టుకునే టేపుతో, సిలికాన్ బిరడాలతో మూయాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చేరిన కొత్తలో ఒక వెనక చక్రానికి డ్రమ్ము లోపల టేపు సరిగా అంటించలేదు. పొడి లోపలికి పోయింది. చూసుకోకుండా బిగించి ఇచ్చాను. ఆ బండి అతను రెండు వీధులు దాటకముందే బ్రేకు పట్టక కింద పడ్డాడు. మోచెయ్యి కొట్టుకుపోయింది. మా మేస్త్రి తిట్టలేదు. "రంగు పోతే మళ్ళీ వేస్తాంరా, మనిషి పోతే?" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి డ్రమ్ములోనూ వేలు పెట్టి తడిమి చూడనిదే చక్రం ఇవ్వను.

చివరగా, పోత పోసిన అల్యూమినియం చక్రాన్ని రంగుకు ముందు ఒకసారి వేడి చేయాలి. సన్నని రంధ్రాల్లోని గాలి, జిడ్డు ముందే బయటకు పోతాయి. లేకుంటే రంగు మీద బుడగలు, సూదిమొన గుంతలు వస్తాయి. అలాగని వేడి మితిమీరితే లోహం బలం తగ్గుతుంది. ఆ తర్వాత చక్రాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. చేతి చెమట చాలు రంగు ఊడిపోవడానికి.

తమ్ముళ్ళూ! పైన మెరిసే రంగును అందరూ చూస్తారు. లోపల డ్రమ్మును చూసేది పనివాడొక్కడే. సెలవుల్లో విజయవాడ వస్తే మా షాపుకు రండి, పని దగ్గరుండి చూపిస్తాను.