మూడు గుప్పిళ్ల ఇసుక: కథ లోతు గురించి అపోహలు – వాస్తవాలు

వసంత పంచమి నాడు బాసర సరస్వతి గుడి ముందు పలకా బలపంతో పిల్లలు బారులు తీరుతారు. వేలు పట్టి రాయించిన ఆ మొదటి అక్షరానికి అర్థమేమిటని ఏ పిల్లా అడగదు. పెద్దయ్యాక మాత్రం కథ చేతిలోకి తీసుకోగానే, "ఇందులో లోతెంత?" అని కొలతకు దిగుతాం. ఆ కొలతకర్రలే చాలావరకు తప్పు.

వ్యాసుడు గోదావరిలో స్నానం చేసి రోజూ మూడు గుప్పిళ్ల ఇసుక తెచ్చి సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులను మలిచాడని బాసర స్థలపురాణం చెబుతుంది. మహాభారతం చెప్పినవాడికి కూడా ఇసుకే దిక్కయింది! కథ విషయంలో మన అపోహలన్నీ ఆ ఇసుకలాంటి మామూలు మనుషులను, మాటలను వదిలేసి మూర్తిని మాత్రమే చూడటం వల్ల వచ్చినవే.

అపోహ 1: సులువుగా అర్థమైతే లోతు లేనట్టే.

వాస్తవం: కరీంనగర్ ప్రాంతపు వంగర నుంచి వచ్చిన పి.వి. నరసింహారావు 1949లో 'విజయ' అనే కలం పేరుతో 'కాకతీయ' పత్రికలో 'గొల్ల రామవ్వ' కథ రాశారు. నిజాం రాజ్యపు చివరి రోజులు. పోలీసులు వెంటాడుతున్న ఒక యువకుడు రాత్రివేళ ముసలి రామవ్వ గుడిసెలో చొరబడతాడు. ఆమె అతనికి అన్నం పెడుతుంది, గొల్లవాడి వేషం వేస్తుంది. పోలీసులు వచ్చేసరికి అతన్ని తన మనవరాలి మొగుడిగా నమ్మిస్తుంది. ఇందులో అర్థం కాని ముక్క ఒక్కటీ లేదు. కానీ పరువు కోసం ప్రాణం పెట్టే ఊళ్లో, కట్టుబాటా మనిషి ప్రాణమా అన్న తీర్పు ఆ ముసలమ్మ క్షణంలో ఇచ్చేసింది. సులువుగా ఉన్నవి మాటలే, ఆ తీర్పు కాదు.

అపోహ 2: లావుపాటి నవలకే లోతు ఉంటుంది.

వాస్తవం: ఒక్క రాత్రి కథ రాసిన అదే పి.వి., విశ్వనాథ సత్యనారాయణ మహానవల 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. ఒక వ్యవస్థ తరాల తరబడి శిథిలం కావడాన్ని చూపాలంటే వందల పేజీలు కావాలి. గుమ్మంలో పోలీసులు నిలబడిన గడియను చూపడానికి కొన్ని పేజీలు చాలు. పుస్తకం లావును నిర్ణయించేది కథ అవసరమే.

అపోహ 3: కన్నీళ్లు పెట్టిస్తేనే గొప్ప కథ.

వాస్తవం: గురజాడ 'దిద్దుబాటు' (1910) నవ్వుతో ముగుస్తుంది. సానిమేళానికి వెళ్లి అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకు పెళ్లాం కనపడదు, ఉత్తరం కనపడుతుంది. ఆయన గుండె జారిపోయాక మంచం కింద నుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది. సంస్కరణ గురించి ఉపన్యాసాలు దంచే మగవాడిని, చదువుకున్న భార్య ఒక ఉత్తరం ముక్కతో దిద్దింది. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' కూడా అంతే. మొగల్తూరు కుర్రవాడి తికమకలకు పగలబడి నవ్వుతూనే, దొరల లోకం ముందు మన బెదురును మనమే చూసుకుంటాం.

అపోహ 4: మంచి కథకు నీతి ఉండాలి.

వాస్తవం: కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1960ల్లో వచ్చింది. అప్పల్రాముడి బాకీ మీద పంచాయితీ. లెక్క ప్రకారం అప్పు న్యాయమైనదే. ఆ అప్పు తన కొడుకు మెడకు చుట్టుకోకూడదని అప్పల్రాముడి కొడుకు సీతారాముడు ఆ పసివాణ్ని చంపి పంచాయితీలోకి తెస్తాడు. ఆ ముగింపు తగునా తగదా అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. 'అప్పు చేయరాదు' అన్న నీతి ఒక్కటే ఉంటే ఇంత వాదన దేనికి? అందరూ ధర్మంగానే మాట్లాడిన చోట అంత అధర్మం ఎలా జరిగిందన్నదే కథ.

అపోహ 5: రచయిత దాచిన అర్థం ఒక్కటే ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి.

వాస్తవం: కథ పొడుపుకథ కాదు. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'లో రావుగారు నియమాల మనిషి. తుపాను రాత్రి రైల్వే స్టేషన్‌లో ఆయనకు ధైర్యం చెప్పినది ఒక బిచ్చగత్తె. తెల్లారేసరికి ఆమె చనిపోయి ఉంటుంది, ఆయన పర్సు ఆమె దగ్గర దొరుకుతుంది. ఆమెను దొంగ అనాలా, దిక్కు అనాలా? రెండు మాటలూ నిజమే. అలాగని ఎవరికి తోచింది వారు అనుకోవచ్చని కాదు. ఏ అర్థమైనా కథలోని ఆ పర్సు, ఆ గాలి, ఆ రైల్వే స్టేషన్ ఒప్పుకోవాలి.

అపోహ 6: ఊరి యాస, ఊరి గొడవ రాస్తే కథ ఆ పొలిమేరల్లోనే ఆగిపోతుంది.

వాస్తవం: మంథని దగ్గరి గాజులపల్లివాడు అల్లం రాజయ్య. కరీంనగర్ పల్లెల రైతు పోరాటాల నుంచి 'కొలిమంటుకున్నది' రాశాడు. రచయిత సాహుతో కలిసి ఆదిలాబాద్ గోండుల తిరుగుబాటును 'కొమురం భీం' నవలగా మలిచాడు. అడవిలో ఎవరి పోడు ఎవరు కాలబెట్టారో తెలిస్తేనే భూమి మీద హక్కు అన్న మాటకు బరువు. అయితే దీని తిరగేసిన అపోహ ఇంకొకటి ఉంది: నాలుగు 'గిట్ల', 'గట్ల'లు చల్లితే లోతు వస్తుందని. యాస మనిషిది కావాలి, అలంకారం కాకూడదు.

ఇంతకూ లోతును పట్టేదెలా? నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. నచ్చిన కథను కొన్నేళ్ల తర్వాత మళ్లీ చదవాలి. మొదటిసారి ఏ మనిషి మీద ఏ తీర్పు ఇచ్చామో, అది ఇంకా నిలబడుతుందా అని చూసుకోవాలి. 'గొల్ల రామవ్వ' మొదటిసారి చదివినప్పుడు ముసలమ్మ తెగువకు చేతులెత్తి మొక్కాను. రెండోసారి నా చూపు ఆమె మీద నిలవలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఆ రాత్రి పెళ్లాంగా నటించిన మనవరాలి దగ్గర ఆగిపోయింది. ఆమెను ఎవరైనా అడిగారా?