వాగు పొంగకమునుపే చేయవలసిన పని

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలపైఁ గురిసిన వాన రెండు దారులఁ బోవును. తూర్పునకు వాలిన నీరు మూసీయై హైదరాబాదు మీఁదుగా సాగును. పడమటికి వాలినది కాగ్నాయై తాండూరు ప్రక్కగాఁ బోయి, కర్ణాటకమున భీమానదిలోఁ గలియును. తుదకు రెండును కృష్ణను జేరవలసినవే. కావున మన సంఘ సభ్యులు కొండ దిగువవారైనను, తాండూరు కందిచేలవారైనను, ఎగువ వాన దిగువవారి కెట్లు ముప్పగునో ముందే యెఱిఁగియుండుట యవసరము.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన వఱద హైదరాబాదు నగరమున వేలకొలఁది ప్రాణములను గొనిపోయెను. అఫ్జల్‌గంజి దవాఖానా ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరని నేఁటికిని చెప్పుకొందురు. కాని రైతులు జ్ఞాపకముంచుకొనవలసినది ఆ చెట్టుకంటె మఱియొక లెక్క. తరువాత నిజాము ప్రభుత్వము పిలిపింపఁగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పరిశీలించి, మూసీ, ఈసీ నదులకు నీరు వచ్చు ప్రదేశమున 788 చెఱువులుండఁగా 221 తెగిపోయినవని తేల్చిరి. వాన యొక్కటియే అంత పని చేయలేదు. ఎగువ కట్ట తెగిన నీరు దిగువ చెఱువులోఁ బడఁగా అదియు నిలువలేక తెగును. ఆ రెండింటి నీరును మూఁడవ చెఱువు మీఁదఁ బడును. ఈ యనుభవము మీఁదటనే ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఆ రెండును మనకు దిగువనున్నవి. అవి నగరమును గాచును గాని మన యూళ్లను గావవు.

కట్ట తెగినయెడల దిగువ యూరికి నీటికంటె ముందు వార్త చేరవలెను. పూర్వము చెఱువునకు నీరటి యుండెడివాఁడు. తూము, మత్తడి, కట్ట వాని కన్నులలో నుండెడివి. రాత్రివేళ మత్తడి చప్పుడు మాఱినను వాఁడు మేలుకొనెడివాఁడు. ఇప్పు డందఱి చేతను సెల్‌ఫోను గలదు గాని, ఈ చెఱువును జూచుట నా పని యనువాఁడు పెక్కు గ్రామములలో లేఁడు.

ఇచ్చట సహకార సంఘమునకు దక్కిన సంస్థలకు లేని యొక సౌకర్యము గలదు. పంచాయతి తన పొలిమేరతో నాగిపోవును. సంఘము సాధారణముగాఁ గొన్ని గ్రామములకుఁ గలిపి యుండును. ఒకే వాగు వెంట ఎగువను దిగువను దాని సభ్యులే యుందురు. అందుచేత ఒక్కొక్క చెఱువునకు ఒక కాపరిని, వానికి బదులు మఱియొకనిని సంఘమే యేర్పఱుపవచ్చును. మత్తడి ప్రక్క ఱాతిమీఁద ఎఱ్ఱరంగు గీఁత యొకటి గీయవలెను. నీరు ఆ గీఁత నంటఁగానే కాపరి దిగువనున్న రెండు గ్రామముల కాపరులకుఁ దెలుపును. వారు తమ దిగువవారికిఁ దెలుపుదురు. గాలివానలోఁ గరెంటును సెల్‌ఫోను సంకేతమును పోవుట యెఱిఁగినదే గదా. కావున డప్పును, బ్యాటరీతోఁ బనిచేయు మైకును సిద్ధముగా నుండవలెను. కబురు కొఱకు ఎవ్వరిని వాగు దాటి పంపరాదు.

వాగు దాటుటను గూర్చి కొంత వివరముగాఁ జెప్పవలసియున్నది. 2021వ సంవత్సరము ఆగస్టు చివర మన వికారాబాదు జిల్లాలోనే, మర్పల్లి మండలమున, పెండ్లివారి కారొకటి వాగులోఁ గొట్టుకొనిపోయెను. మరణించినవారిలో నూతన వధువును గలదు. వడిగాఁ బాఱు నీరు ఆఱంగుళముల లోతున్నను మనుష్యుని కాళ్లు నిలువనీయదు. రెండడుగుల నీటిలోఁ బెక్కు కార్లు తేలి కదలిపోవును. ప్రతిదినము నడచిన దారియే యను ధైర్యము మఱియుఁ బ్రమాదకరము. నీటి క్రింద రోడ్డు కోసికొనిపోయి యుండినను పైకిఁ దెలియదు.

ఇది తెలియనివారు తక్కువ. కష్టమంతయు ఆపుటలో నున్నది. వాగు గట్టున నిలిచినవాఁడు తన యన్ననో, మేనమామనో, పొరుగూరి పెద్దమనిషినో ఆపవలసివచ్చును. "నన్నాపుటకు నీవెవఁడవు?" అని యడిగినప్పుడు వాఁడేమి చెప్పఁగలఁడు? బంధుత్వము చెడునను జంకుతో ప్రక్కకుఁ దొలఁగువారే యధికము. కాఁబట్టి ఈ యధికారమును వానకు ముందే యీయవలెను. రెండు దరులను ఇద్దఱేసి మనుష్యులు, అడ్డముగా నొక వెదురుగడ, రాత్రియైన లాంతరు. వారు దింపిన గడను సంఘాధ్యక్షుఁడైనను ఎత్తరాదని మహాసభలో నందఱి యెదుట తీర్మానింపవలెను. పంచాయతికిని పోలీసువారికిని ఆ తీర్మానపు ప్రతి నీయవలెను. అప్పుడు ఆపినది ఫలానావాఁడు గాదు, ఊరు.

పిడుగును గూర్చి రెండు మాటలు. కందిచేలలోఁ గలుపు తీయు దినములలో ఉఱుము వినఁబడఁగానే పని మాని పక్కా యింటికిఁ జేరవలెను. చెట్టు క్రింద నిలువరాదు. కడపటి యుఱుము తరువాత అరగంట గడచినఁ గాని చేనిలోనికి మరలరాదు. కూలి తెగునను భయమున నిలిచిపోవువారు కలరు. ఆ గంట కూలి కోయమని రైతులే ముందుగా మాటయీయవలెను.

సంఘపు గోదాము మెరకమీఁద నున్నచోట అదియే ఊరివారికి ఆశ్రయమగును. విత్తనపు బస్తాలను నేలమీఁదఁ గాక బల్లలమీఁద నుంచినయెడలఁ జెమ్మ తగులదు, మనుష్యులకుఁ జోటును మిగులును. నేనెఱిఁగిన యొక యూర నట్టి గోదామునకు వానరాత్రి నలువదిమంది పిల్లలతో వచ్చి తలుపు ముందఱఁ దడిసిరి. తాళపుచెవి యున్నవారు పెండ్లికిఁ బోయియుండిరి! చెవులు మూఁడు చేయింపవలెను. మూఁడును మూఁడిండ్లలో నుండవలెను. మంచము పట్టిన వృద్ధులు, నెలలు నిండిన స్త్రీలు ఏ యిండ్లలో నున్నారో, వారిని జేర్చుటకు ఎవరి ట్రాక్టరు వచ్చునో సభ్యుల పట్టిక ప్రక్కనే వ్రాసియుంచవలెను. 108, 112 సంఖ్యలను గోదాము తలుపుమీఁదఁ బెద్ద యక్షరములతో వ్రాయింపుఁడు.

మృగశిర కార్తెకు ముందు జరుగు సమావేశమున ఎరువుల లెక్క ముగిసిన వెంటనే, సభ్యులు లేచిపోకముందే, ఈ విషయమును జర్చకుఁ బెట్టవలెను. కాపరుల పేర్లు చదివి, వారిచేతఁ జేవ్రాలు చేయించి, అఱువది గజముల మోకు నొకదానిని అక్కడనే కొలిచి చూడుఁడు. పోయిన యేఁటి మోకు ఎవరి బావిలో నున్నదో ఆనాఁడే తెలియును.