రోజూ వేసుకునే చెంచాల లెక్క

మధుమేహానికి మన ఇళ్లలో వాడుక పేరు ‘షుగర్’. ఆ పేరు వెంట ఒక అపోహ కూడా పాతుకుపోయింది. షుగర్ ఉన్నవాళ్లే తీపి మానాలి, లేనివాళ్లు ఎంత తిన్నా పరవాలేదు అనుకుంటాం. ‘వచ్చాక చూద్దాంలే’ అని రెండో చెంచా వేసుకుంటాం. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే 2023లో వెల్లడించింది. అంచున ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. అందుకే తీపి లెక్క చూసుకోవాల్సింది జబ్బు రాకముందే.

నాలుగు టీల లెక్క

రోజుకు నాలుగు టీలు తాగే మనిషిని తీసుకుందాం. కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున ఎనిమిది చెంచాలు. చెంచాకు సుమారు 5 గ్రాములు వేసుకుంటే రోజుకు 40 గ్రాములు, ఏడాదికి 14 కిలోలు దాటుతుంది. ఇది ఒక్క మనిషి తాగే టీల లెక్కే. పక్కన తినే బిస్కెట్లు, ఎండలో తాగే కూల్ డ్రింక్, రాత్రి నోట్లో వేసుకునే స్వీటు ఇందులో లేవు.

గ్రాము చక్కెర 4 కేలరీలు ఇస్తుంది. 40 గ్రాములంటే రోజుకు 160 కేలరీలు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి ఏడాది టీ చక్కెర కాగితం మీద సుమారు ఏడున్నర కిలోల కొవ్వుకు సమానం. ఆ చక్కెర మానేసినా ఒళ్లు ఇంత కచ్చితంగా లెక్క ప్రకారం తగ్గదు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. అయినా, ఆ లోటును ఇంకో గరిటె అన్నంతో పూడ్చుకోకపోతే, ఫలితం నడుము దగ్గర కనిపిస్తుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

చక్కెర రెండు భాగాల కలయిక: గ్లూకోజ్, ఫ్రక్టోజ్. గ్లూకోజ్ నేరుగా రక్తంలోకి చేరుతుంది. దాన్ని కణాల్లోకి పంపడానికి ఇన్సులిన్ విడుదలవుతుంది. ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమే చూసుకోవాలి. అవసరానికి మించి వచ్చినప్పుడు కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. మందు ముట్టని మనిషికి కూడా ‘ఫ్యాటీ లివర్’ రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

తాగే తీపితో ఇంకో చిక్కుంది. రెండు ఇడ్లీలు తింటే కడుపుకు తెలుస్తుంది. అన్ని కేలరీలే ఉన్న కూల్ డ్రింక్ తాగితే ఆకలి పెద్దగా తగ్గదు, భోజనం మామూలుగానే చేసేస్తాం.

ఎంత తినొచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక హద్దు చెప్పింది. మొత్తం కేలరీల్లో విడి చక్కెరల వాటా 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి 5 శాతమంటే 25 గ్రాములు, అంటే అయిదు చెంచాలు. మామూలు కోలా 250 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి తాగితే ఆ కోటా అయిపోతుంది.

‘విడి చక్కెర’ అంటే మనం కలిపే పంచదారే కాదు. బెల్లం, తేనె, సిరప్‌లు, పండ్ల రసాలు కూడా ఇందులోకే వస్తాయి. పండును పండుగా తింటే, పాలు పాలుగా తాగితే వాటిలోని సహజమైన తీపి ఈ లెక్కలోకి రాదు. బత్తాయి తొనలు తింటే పీచు కూడా లోపలికి వెళ్తుంది, తీపి నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. రసం తీసి వడకడితే పీచు పిప్పితోపాటు పోతుంది.

బెల్లం వేసుకుంటే?

పంచదార మానేసి బెల్లం టీకి మారామని చాలామంది తృప్తి పడుతున్నారు. బెల్లంలో కొద్దిగా ఖనిజాలున్న మాట నిజం. అయితే అందులోనూ ఎక్కువ భాగం చెరకు చక్కెరే, కేలరీలూ దాదాపు అంతే. మంచిదన్న ధీమాతో ఇంకో ముక్క ఎక్కువ వేసుకుంటే నష్టమే. తేనె సంగతీ అంతే. ఇక తీపినిచ్చే బిళ్లలు, పొడులు బరువు తగ్గడానికి వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదు, వారు డాక్టరు సలహాతో నడుచుకోవాలి.

ఎలా తగ్గించాలి?

ఒక్కరోజులో మానేస్తే టీ చప్పగా అనిపించి నాలుగో రోజుకే మళ్లీ డబ్బా తీస్తాం. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది, పాత టీ తాగితే పానకంలా తోస్తుంది. బయట టీ కొట్టులో ‘చక్కెర తక్కువ’ అని ముందే చెప్పండి. దాహానికి నీళ్లు, మజ్జిగ, కొబ్బరి నీళ్లు చాలు.

ప్యాకెట్ కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుసలోని గ్రాములను 5తో భాగిస్తే ఎన్ని చెంచాలో తేలుతుంది. ఆ అంకె చాలాచోట్ల 100 గ్రాములకు ఇస్తారు, మీరు తినేది ఎంతో చూసి లెక్క వేసుకోండి. లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్ అన్నవీ చక్కెర రూపాలే.

మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా ఆహారం ఒక్కసారిగా తగ్గించకూడదు. రక్తంలో గ్లూకోజ్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

పిల్లల నుంచే

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ చక్కెరకు రేషన్ పెట్టింది. 1953 సెప్టెంబరులో ఎత్తేయగానే వాడకం దాదాపు రెట్టింపైంది. రేషన్ ఉన్నప్పుడు, ఎత్తేశాక పుట్టినవాళ్లను దశాబ్దాల తర్వాత పోల్చిన అధ్యయనం 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. తల్లి కడుపులోనూ, పసితనంలోనూ తక్కువ చక్కెరతో పెరిగినవారికి పెద్దయ్యాక మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, బీపీ ముప్పు సుమారు 20 శాతం తక్కువగా తేలింది. పసినాలుకకు మనం చేసే అలవాటు ఎంత దూరం వెళ్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పాలు చక్కెర లేకుండా తాగడం పిల్లలకు మొదటినుంచీ నేర్పిస్తే, పెద్దయ్యాక మానే కష్టం వారికి ఉండదు.

సంక్రాంతికి అరిసె తినండి, ఉగాదికి బొబ్బట్టు తినండి. పండగలు ఏడాదిలో కొన్ని రోజులే, చెంచా మాత్రం రోజూ డబ్బాలో మునుగుతోంది. రేపు పొద్దున టీ కలిపేటప్పుడు అర చెంచా తగ్గించండి. ఇంట్లో అందరి కప్పుల్లోనూ తగ్గించండి.