మన మైదానాలపై ఆకాశం

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి చేలలో నిలబడి చూస్తే నేల, నింగి కలిసే రేఖ చాలా మేర అడ్డులేకుండా కనిపిస్తుంది. పత్తి తీతలు సాగే శీతకాలం నుంచి మిరపకాయలు కల్లాల్లో ఎండే వేసవి ఆరంభం వరకు ఇక్కడి రాత్రులు చాలావరకు నిర్మలంగా ఉంటాయి. దూరదర్శిని లేకపోయినా, కేవలం కంటితోనే ఖగోళశాస్త్రంలోని తొలి పాఠాలు నేర్చుకోవడానికి ఇది చక్కని చోటు. అయితే తలయెత్తి చూసినంత మాత్రాన అది పరిశీలన అనిపించుకోదు. చూసిన దానిని వేళతో, దిక్కుతో, ఎత్తుతో సహా గుర్తించుకొని, మరునాడు మళ్లీ సరిచూసుకున్నప్పుడే అది పరిశీలన అవుతుంది. ఈ భేదం ఎంత విలువైనదో తెలుసుకోవడానికి ఈ ప్రాంతపు చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. దాని గురించి చెప్పుకొనే ముందు మన ఆకాశాన్ని కొంత పరిచయం చేసుకుందాం.

మన రైతులకు నక్షత్రాలు కొత్తవి కావు. రోహిణి కార్తె, మృగశిర కార్తె, ఆరుద్ర కార్తె అనే మాటలు పల్లెల్లో నేటికీ వినిపిస్తాయి. నక్షత్రాల మధ్య చంద్రుడు నడిచే దారిని ప్రాచీనులు 27 భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒక నక్షత్రం పేరు పెట్టారు. సూర్యుడు కూడా దాదాపు ఇదే దారిలో ఏడాదికి ఒకసారి చుట్టివస్తున్నట్లు మనకు కనిపిస్తాడు. ఒక్కొక్క భాగంలో సూర్యుడు ఉండే 13 లేదా 14 రోజుల కాలమే కార్తె. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె, జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తాయి.

మరి రోహిణి కార్తెలో రోహిణీ నక్షత్రాన్ని చూడగలమా? చూడలేము. ఆ రోజుల్లో సూర్యుడు ఆ నక్షత్రం దిక్కుననే ఉంటాడు కనుక అది సూర్యునితోపాటే ఉదయించి, సూర్యునితోపాటే అస్తమిస్తుంది. ఆరు నెలలు గడిచాక, డిసెంబరులో పొద్దుగూకిన తరువాత తూర్పు దిక్కున ఎర్రని కాంతితో రోహిణి దర్శనమిస్తుంది. దానికి పైన చిన్న గుంపుగా కనిపించే చుక్కలే కృత్తికలు. వీటినే పల్లెవాసులు పిల్లలకోడి అంటారు. రోహిణికి దిగువన మృగశిర, ఎర్రగా మెరిసే ఆరుద్ర వరుసగా పైకి వస్తాయి.

ఏ నక్షత్రమైనా ముందు రోజుకంటే సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. భూమి సూర్యుని చుట్టూ తిరగడమే ఇందుకు కారణం. నాలుగు నిమిషాలు స్వల్పమే కాని, నెలకు అది రెండు గంటలు అవుతుంది. అందుచేతనే ఋతువుతోపాటు రాత్రి ఆకాశం కూడా మారిపోతుంది.

ఉత్తర దిక్కున కనిపించే ధ్రువనక్షత్రం మాత్రం దాదాపు ఒకే చోట నిలిచి ఉంటుంది. దిక్చక్రం నుంచి దాని ఎత్తు ఎన్ని డిగ్రీలో, మనం ఉన్న ఊరి అక్షాంశం కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలే. గుంటూరులో ఇది సుమారు 16 డిగ్రీలు, ఒంగోలులో పదిహేనున్నర. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలకు సమానం. అంటే పిడికిలిన్నర ఎత్తుకు కొద్దిగా పైన ధ్రువుణ్ణి వెదకాలి. ఇక మిరప కల్లాల వద్ద కాపలా ఉండే ఫిబ్రవరి రాత్రుల్లో, ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య దక్షిణ దిక్కున రెండు పిడికిళ్ల ఎత్తులో ప్రకాశించేది అగస్త్య నక్షత్రం. రాత్రి ఆకాశంలోని నక్షత్రాల్లో కాంతిలో ఇది రెండవది. లండను నగరవాసులకు ఇది ఎన్నడూ కనిపించదు.

ఇటువంటి ఆకాశం కిందకే 1868లో ఐరోపా శాస్త్రజ్ఞులు వెదుక్కుంటూ వచ్చారు. ఆ ఏడాది ఆగస్టు 18వ తేదీ ఉదయం సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి జూల్ జాన్సెన్, బ్రిటిష్ బృందంతో మేజర్ టెన్నంట్ గుంటూరు చేరారు. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో విడిది చేశాడు. ఆ వేధశాలకే చెందిన భారతీయ ఖగోళజ్ఞుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో గ్రహణాన్ని పరిశీలించాడు. కాంతి మారే ఒక నక్షత్రాన్ని అంతకు ముందు ఏడాదే కనుగొన్న ప్రజ్ఞాశాలి ఆయన.

చంద్రబింబం సూర్యుణ్ణి పూర్తిగా కప్పినప్పుడు, అంచున ఎర్రని జ్వాలలు కనిపిస్తాయి. అవి ఏ పదార్థంతో ఏర్పడ్డాయన్నదే నాటి ప్రశ్న. పట్టకం గుండా పోయిన కాంతి రంగులుగా విడిపోతుందని మనకు తెలుసు. మండే వాయువు నుంచి వచ్చే కాంతి మాత్రం కొన్ని వెలుగు రేఖలుగానే విడిపోతుంది. ఏ మూలకానికి ఉండే రేఖలు ఆ మూలకానివే. ఈ సూత్రంపై పనిచేసే సాధనమే వర్ణపటదర్శిని. అయిదు నిమిషాలకు పైగా సాగిన ఆ చీకటిలో శాస్త్రజ్ఞులు సూర్యజ్వాలల నుంచి వెలుగు రేఖలను చూశారు. ఆ జ్వాలలు ముఖ్యంగా హైడ్రోజన్ వాయువేనని తేలింది.

గ్రహణం విడిచింది. కాని జాన్సెన్ మనస్సులో ఒక ఆలోచన మెదిలింది. ఆ రేఖలు అంత ప్రకాశవంతంగా ఉన్నప్పుడు, గ్రహణం లేని వేళ మాత్రం ఎందుకు కనిపించకూడదు? పట్టకం పగటి కాంతిని విశాలంగా పరచి మసకబారుస్తుంది. జ్వాలల కాంతి మాత్రం సన్నని రేఖలలోనే ఉండి స్పష్టంగా నిలుస్తుంది. మరునాడు, ఆగస్టు 19న, ఆయన సూర్యుని అంచువైపు వర్ణపటదర్శినిని తిప్పి ఆ రేఖలను తిరిగి చూడగలిగాడు. ఎన్నో ఏళ్లకొకసారి కొద్ది నిమిషాలు మాత్రమే లభించే దృశ్యం నాటి నుంచి ప్రతిదినం అందుబాటులోకి వచ్చింది. ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అక్టోబరులో స్వతంత్రంగా ఇదే పద్ధతిని సాధించాడు. ఇద్దరి లేఖలూ అక్టోబరు 26న ఒకేనాడు ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందుకు వచ్చాయి.

హీలియం గుంటూరులో పుట్టిందని మన ప్రాంతంలో గర్వంగా చెప్పుకొంటాం. ఆ మాటలో కొంత సత్యం ఉంది, కొంత సవరణ అవసరం. గ్రహణవేళ కనిపించిన రేఖల్లో పసుపుపచ్చనిది ఒకటి ఉంది. సోడియం రేఖలు దానికి అతి సమీపంలో ఉండడంవల్ల పలువురు దానిని సోడియం రేఖగానే భావించారు. సోడియం రేఖల తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్ల ప్రాంతంలో ఉండగా, ఈ రేఖది సుమారు 587.6 నానోమీటర్లు. అవి రెండూ ఒకటి కావని లాక్యర్ నిశ్చయించి, భూమిపై తెలియని మూలకమేదో సూర్యునిలో ఉన్నదని ఊహించాడు. సూర్యునికి గల గ్రీకు నామం నుంచి ఆ మూలకానికి హీలియం అనే పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే దానిని భూమిపై కనుగొనేవరకు అనేకులు ఆ ఊహను సందేహించారు. కాబట్టి హీలియం ఒక్కరోజులో, ఒక్కచోట, ఒక్కరికి దొరికినది కాదు. గుంటూరు ప్రపంచానికి నిస్సందేహంగా ఇచ్చినది గ్రహణం లేకుండానే సూర్యజ్వాలలను పరిశీలించే మార్గం. ఇది చిన్న గౌరవం కాదు. దానిని ఉన్నదున్నట్లు చెప్పుకోవడమే శాస్త్రదృష్టి.

విద్యార్థులు ఈ దృష్టిని అలవరచుకోవడానికి ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, వేళ, ఊరు, దిక్కు, పిడికిళ్లలో ఎత్తు, మబ్బు స్థితి అందులో రాయాలి. కంటికి కనిపించినది ఒక పక్క, దాని గురించి మనం ఊహించినది మరొక పక్క ఉండాలి. పసుపు రేఖను చూడడం ఒకటి, దానిని సోడియం అనుకోవడం మరొకటి అని మరువరాదు. వీధిదీపాలకు దూరంగా వెళ్లి, కళ్లు చీకటికి అలవాటు పడడానికి కనీసం ఇరవై నిమిషాలు ఆగాలి. సూర్యుణ్ణి మాత్రం వట్టి కంటితో గాని, దూరదర్శినితో గాని నేరుగా ఎన్నడూ చూడరాదు.

మొదటి పరిశీలనకు కార్తిక పౌర్ణమి తగిన రోజు. పున్నమి చంద్రుడు కృత్తికల సమీపంలో ఉండే మాసం కనుకనే దానికి కార్తికమని పేరు. ఆ రాత్రి ఎనిమిది గంటలకు చంద్రుడు, కృత్తికలు, రోహిణి ఉన్న స్థానాలను బొమ్మ గీసుకోండి. వెన్నెలలో కృత్తికలు మసకగా కనిపిస్తే చంద్రుణ్ణి చేతితో మరుగుపరచి చూడండి. మరునాడు అదే వేళకు మళ్లీ గీయండి. నక్షత్రాల మధ్య చంద్రుడు పిడికిలి కంటె కొంచెం ఎక్కువ దూరం తూర్పుకు జరిగి ఉంటాడు. అదే నడకతో సుమారు 27 రోజులకు తిరిగి మొదటి చోటికి వస్తాడు. ప్రాచీనులు ఆ దారిని 27 భాగాలుగానే ఎందుకు చేశారో అప్పుడు మీ నోటు పుస్తకమే మీకు చెబుతుంది.