ఒక్క అక్షరం తేడా!

డి.ఎన్.ఏ. నుంచి ఆర్.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ. నుంచి ప్రోటీను. ఇంటర్‌లో మనమంతా వల్లె వేసిన పాఠమే ఇది. ఈ వరుసలో ఆర్.ఎన్.ఏ. ఉత్త పోస్టుమాన్, ఇచ్చిన ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు మోసుకుపోతుంది. కాని జీవకణంలో వ్యవహారం అంత సులువుగా లేదు. దారి మధ్యలో ఉత్తరం విప్పి అక్షరాలు దిద్దే గుమాస్తాలున్నారు. వాటి పేరు 'అడార్' ఎంజైములు.

వీటి జాడ 1987లో ఆఫ్రికా కప్ప గుడ్లలో, పిండాల్లో దొరికింది. రెండు పేటల తాడులా పెనవేసుకొన్న ఆర్.ఎన్.ఏ.ను పట్టుకొని, అందులోని అడినోసిన్‌ను ఇవి ఐనోసిన్‌గా మారుస్తాయి. కణం ఐనోసిన్‌ను 'జి'గా చదువుకొంటుంది. అనగా 'ఏ' ఉన్నచోట 'జి' రాసినట్టే లెక్క.

ఈ రెండు పేటల ఆర్.ఎన్.ఏ. కోసం కాచుకొని ఉండేవి ఇంకా ఉన్నాయి. డ్రోషా, డైసర్ అనే ఎంజైములు దాన్ని కత్తిరించి, సుమారు 22 అక్షరాల మైక్రో ఆర్.ఎన్.ఏ.లను తయారుచేస్తాయి. ఇవి తమకు జత కుదిరిన సందేశాన్ని పట్టుకొని, ప్రోటీను తయారు కాకుండా అడ్డుపడతాయి. 1993లో వీటిని బయటపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి దిద్దేవాడూ, కత్తిరించేవాడూ ఒకే తాడు మీద చెయ్యి వేస్తే? రెండు రకాలుగా జరగవచ్చు.

మొదటిది, కోత ఆగిపోవడం. మైక్రో ఆర్.ఎన్.ఏ.-142 తల్లి పోగును అడార్ దిద్దితే డ్రోషా కత్తి దాని మీద సరిగా తెగదు. ఆ పోగును వేరే ఎంజైము నాశనం చేస్తుంది. ఈ సంగతి 2006లో తేలింది.

రెండోది, గురి మారడం. 'కలుపు తీయి' అని రాసిన చీటీలో 'క' కాస్తా 'త' అయితే, కూలీ చేలోకి పోక తలుపు తీసి నిలబడతాడు! మైక్రో ఆర్.ఎన్.ఏ.-376 సంగతీ అంతే. గురి చూసే భాగంలో ఒక్క అక్షరం మారేసరికి అది వేరే జన్యువులను అణచసాగింది. వాటిలో ఒకటి యూరిక్ ఆమ్లం తయారీకి సంబంధించినది. అడార్-2 లేని ఎలుకల మెదడులో యూరిక్ ఆమ్లం పెరిగినట్టు 2007లో చూపారు.

సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగు మీద 2003లో చేసిన ప్రయోగం ఇంకా చిత్రం. అడార్‌లు లేని పురుగులు వాసన పట్టి తిండివైపు పోవడంలో తడబడ్డాయి. అదే పురుగుల్లో చిన్న ఆర్.ఎన్.ఏ.లతో జన్యువుల నోరు మూయించే ఏర్పాటును కూడా తీసేస్తే, మళ్ళీ మామూలుగా నడిచాయి! అంటే అడార్ చేసే పని మడవ తిప్పడం లాంటిదన్నమాట. తిప్పేవాడు లేకపోతే కోతకు పోకూడని ఆర్.ఎన్.ఏ. కూడా కోతకే పోతుంది.

మనలో కొందరు రేపు జన్యువులు చదివి రోగాల గుట్టు చెప్పే పనిలోకి పోవచ్చు. వారు డి.ఎన్.ఏ. ఒక్కటే చదివితే చాలదు. ఆర్.ఎన్.ఏ.లో చివరకు ఏ అక్షరం నిలిచిందో కూడా చూడాలి.