బండి మళ్లీ అక్కడే ఆగాలంటే

రోడ్డు పక్క హోటలు పెట్టిన చాలామందికి ఒక లెక్క ఉంటుంది: దారిన పోయేవాడు ఇవాళ తింటాడు, మళ్లీ కనపడడు, వాడి కోసం అంత తాపత్రయం ఎందుకని. యర్రగొండపాలెంలో ఒక పూట నిలబడి వచ్చేపోయే బళ్లను చూస్తే ఆ లెక్క ఎంత తప్పో తెలుస్తుంది.

నకిరేకల్ నుంచి తిరుపతి దగ్గరి ఏర్పేడు దాకా సాగే 565వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఇటు మాచర్ల, అటు మార్కాపురం. దోర్నాల వైపు తిరిగితే శ్రీశైలం. మిరప టిక్కీలు, పత్తి, పలకల రాయి మోసే లారీలు ఈ దారుల్లోనే మళ్లీ మళ్లీ తిరుగుతాయి. మల్లన్న మొక్కున్నవాళ్లు కార్తీకానికో శివరాత్రికో ఏటా వస్తారు. దోర్నాల దాటితే సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవి, ఘాట్ రోడ్డు. పిల్లలకైనా పెద్దలకైనా కడుపులో ఏదన్నా పడాల్సింది ఆలోపే. బండినిండా జనం ఉన్నా ఎక్కడ ఆపాలో తేల్చేది ఎక్కువగా డ్రైవరే. అతనికి ఒకసారి మర్యాద దక్కితే ఏళ్లపాటు ఆ హోటలుకు గిరాకీ తెస్తాడు.

ఆ మర్యాద ఇక్కడ మంచినీళ్లతోనే మొదలవ్వాలి. ఈ ప్రాంతంలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఇక్కడికి కృష్ణా నీళ్లు తేవడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది; ఆ నీళ్ల కోసం జనం దశాబ్దాలు ఎదురుచూశారు. ఇలాంటి చోట సీసా కొంటే తప్ప దాహం తీరని హోటలూ, కూర్చోగానే శుభ్రమైన గ్లాసులో తాగే నీళ్లు పెట్టే హోటలూ ఒకటి కావు.

తర్వాతది మరుగుదొడ్డి. దూర ప్రయాణమంటే నీళ్లు తాగడమే మానుకునే ఆడవాళ్లు ఎందరో. తలుపుకు గడియ, లోపల లైటు, కుళాయిలో నీళ్లు ఉంటే ఆ కుటుంబం తిరుగు ప్రయాణంలోనూ అక్కడే ఆగుతుంది. వంట ఎంత బాగున్నా ఇవి లేని లోటును పూడ్చలేదు. యజమానే పట్టించుకోవాలి.

వడ్డన మాటకొస్తే ఆంధ్రదేశమంతా చెప్పుకునే పేరు కాకినాడ సుబ్బయ్యగారి హోటల్. గునుపూడి సుబ్బయ్య 1950ల్లో మొదలుపెట్టిన ఆ భోజనశాలకు వంటకాల వరసతో పాటు కొసరి కొసరి వడ్డించే అలవాటే పేరు తెచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నాలకు విస్తరించాక కూడా జనం ఆ ఆప్యాయతనే తలుచుకుంటారు. రోడ్డు పక్క చిన్న హోటలు అన్ని రకాలు వండలేదు, నిజమే. మారు సాంబారు అడిగితే ముఖం చిట్లించకుండా పొయ్యడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

డ్రైవర్ల గిరాకీతో మొదలై ఎదిగిన హోటలూ ఉంది: హర్యానాలోని ముర్తల్‌లో అమ్రిక్ సుఖ్‌దేవ్ దాబా 1956లో లారీ డ్రైవర్లకు తిండి పెడుతూ మొదలైంది. ఇవాళ ఢిల్లీ నుంచి కుటుంబాలు అక్కడ తినడానికే కార్లేసుకుని వెళ్తాయి. పాత గిరాకీని నిలుపుకోవడం ఎంత విలువైందో 1990లో రైక్‌హెల్డ్, సాసర్ అనే ఇద్దరు అమెరికన్లు లెక్కగట్టారు. బ్యాంకులు, కార్ల సర్వీసింగ్ లాంటి వ్యాపారాలను పరిశీలిస్తే, చేజారే ఖాతాదారులను 5 శాతం తగ్గించుకున్నచోట లాభం 25 నుంచి 85 శాతం దాకా పెరుగుతుందని తేలింది. హోటలుకు అవే అంకెలు వర్తించకపోవచ్చు. పాత గిరాకీ విలువ మాత్రం ఇక్కడా తక్కువేం కాదు.

రద్దీలో పొరపాట్లు జరగక మానవు. ఇడ్లీ చల్లారిపోయిందంటే వాదనకు దిగకుండా వేడివి తెచ్చిపెట్టే సర్వరు ఆ హోటలుకు పెద్ద ఆస్తి. ఆ అధికారం అతనికి ఓనరే ఇవ్వాలి. ప్రతిదానికీ గల్లాపెట్టె వైపు చూడాల్సి వస్తే ఈలోపు బస్సు వెళ్లిపోతుంది.

బిల్లు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అడగకుండా సర్వీస్ ఛార్జీ కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. అయితే రోడ్డు మీద మనిషి ఫిర్యాదు దాకా వెళ్లడు, మరోసారి ఆగడు, అంతే. శివరాత్రి రద్దీలో టిఫిన్ ధర రెట్టింపు చేస్తే ఆ నాలుగు రోజులు గల్లాపెట్టె నిండుతుంది. ఆ ధర కట్టిన డ్రైవర్లు మాత్రం మిగతా ఏడాదంతా ఇదే రోడ్డు మీద తిరుగుతుంటారు, ఎదురైన డ్రైవరుకల్లా ఆ హోటలు సంగతి చెబుతుంటారు.