పనిముట్ల బీరువాలు ఒరిగి పడకుండుటకు మార్గములు

ట్రాక్టరులు, రోటవేటరులు, మందు చల్లు పంపులు మొదలగు యంత్రములను సభ్యులకు అద్దెకిచ్చు సహకార సంఘములకు గోదాము ప్రక్కన చిన్న మరమ్మతు కార్ఖానా ఒకటి యుండక తీరదు. ఆ కార్ఖానాలో పనిముట్లు దాచుటకు సొరుగులు గల ఇనుప బీరువా యొకటి రెండు ఉండును. పానాలు, సుత్తెలు, బేరింగులు, గొలుసులు, జాకీలు, పాత బోల్టులు ఏండ్ల తరబడి అందులో చేరుచుండును. కొంతకాలమునకు ఇద్దరు మనుష్యులు పట్టినను అది కదలదు. అంతట చూచువారందరు “ఇంత బరువు గలది ఎట్లు పడును?” అని నిశ్చింతగా నుందురు.

సోదర రైతులారా! ఈ నిశ్చింతయే అపాయమునకు మూలము. బరువు గలది పడదనుట నిజము కాదు. బరువు ఎచ్చట నిలిచియున్నదో దానిని బట్టియే బీరువా నిలుచుటయు, పడుటయు జరుగును. బరువు హెచ్చిన కొలది పడినపుడు కలుగు హాని మాత్రము హెచ్చును.

బండి ఇరుసు, బీరువా అంచు

ఈ విషయము రైతునకు క్రొత్త కాదు. బండికి బస్తాలు ఎత్తునపుడు ఇరుసునకు ముందు ఎంత, వెనుక ఎంత అని చూచి సర్దుదుము. వెనుక బరువు మీరినచో కాడి పైకి లేచి ఎడ్ల మెడలు బిగియును. బస్తాలు అవియే, బండియు అదియే; సర్దుటలోనే భేదము. బీరువాకు గూడ ఇట్టి ఇరుసు ఒకటి గలదు. అది దాని ముందువైపున నేలకు ఆనియున్న అడుగు అంచు. ఆ అంచునకు వెనుకనున్న బరువు బీరువాను నిలుపును. ఆ అంచు దాటి ముందునకు వచ్చిన బరువు దానిని పడద్రోయును.

ఒక లెక్క చూడుడు. బీరువా లోతు 45 సెంటీమీటరులు, అనగా ఒక మూర. వట్టి బీరువా బరువు 40 కిలోలు. అయిదు సొరుగులు, ఒక్కొక్క సొరుగులో 20 కిలోల పనిముట్లు. మొత్తము 140 కిలోలు. ఖాళీ సొరుగుల బరువు స్వల్పమగుటచే వేరుగా లెక్కింపలేదు. అన్ని సొరుగులు మూసియున్నపుడు ఈ బరువంతయు ముందు అంచునకు వెనుక, సగటున 22½ సెంటీమీటరుల దూరమున నుండును. ఒక సొరుగును 40 సెంటీమీటరులు వెలుపలికి లాగినచో దానిలోని బరువు అంచునకు ముందు 17½ సెంటీమీటరుల దూరమునకు వచ్చును. బరువును దూరముచే హెచ్చవేసినచో దాని బలము తెలియును.

ఒక సొరుగు తెరచినపుడు పడద్రోయు బలము 350, నిలుపు బలము 2700. రెండు తెరచినచో 700, 2250. మూడు తెరచినచో 1050, 1800. నాలుగు తెరచినచో పడద్రోయునది 1400, నిలుపునది 1350. బీరువా పడెను! ఒకరి జమనుండి తీసి అప్పు క్రింద వ్రాసినట్లు, తెరచిన ప్రతి సొరుగును ఒకవైపు తగ్గించి రెండవవైపు పెంచును. అందుచేతనే మూడవ సొరుగు వరకు ఏమియు కానట్లు తోచి, నాలుగవదానితో ఒక్కసారిగా మీదికి వచ్చును.

మనుష్యుడు ఆనుకొన్నచో నాలుగవ సొరుగు వరకును పోనక్కరలేదు. మూడు సొరుగులు తెరచియుండగా ఒకడు సొరుగు కొసను పట్టుకొని 20 కిలోల బరువు మోపినచో మరి 800 బలము చేరి మొత్తము 1850 అగును. నిలుపు బలము 1800 మాత్రమే. క్రింది రెండు సొరుగులు ఖాళీగా నుంచి, పై మూడింటిని నింపి తెరచినచో, ఎవరును తాకకయే పడును. అప్పుడు నిలుపు బలము 900కు దిగిపోవును గదా.

మేము గ్రామములు తిరుగుచుండగా ఒక సంఘపు కార్ఖానాకు ఇట్టి ప్రమాదము జరిగిన మరునాడు పోవుట తటస్థించినది. పని నేర్చుకొను బాలుడొకడు ఒక పానాకై వెదకుచు, చూచిన సొరుగును మూయక వేరొకటి లాగుచు వచ్చెను. బీరువా వానిపై ఒరిగెను. ఎదుట నున్న పనిబల్ల అంచు దాని తలను ఆపుటచే సందు మిగిలి బాలుడు బ్రతికెను. వ్రేలి ఎముక ఒకటి విరిగినది. ఆ బల్ల బీరువాను ఆపుటకని వేసినది కాదు. మన కార్ఖానాలలో పనిచేయువారి ప్రాణములు ఇట్టి యదృష్టముపై ఆధారపడి యుండరాదు.

అపాయమును పెంచు ఇతర కారణములు

మొదటిది ఎత్తు. మూరెడు లోతు గల బీరువాలో బరువు నడిమిపాలు నేలకు 50 సెంటీమీటరుల ఎత్తున నున్నచో, వెనుక అంచు సుమారు 18 సెంటీమీటరులు లేచినగాని అది తనంత పడిపోదు. అదే బరువు 1 మీటరు ఎత్తున నున్నచో 10 సెంటీమీటరులు లేచినంతనే పడును. జాకీని, మోటారును బీరువా నెత్తిపై నుంచు వాడుక మిక్కిలి చెడ్డది.

రెండవది నేల. నల్లరేగడి భూములలో ఎండకాలమున నేల నెఱ్ఱెలు విచ్చి క్రుంగును, వానకాలమున ఉబ్బును. దానిపై పరచిన బండలు, గచ్చు సమముగా నిలువవు. నిరుడు సమముగా నున్న బీరువా ఈయేడు ముందునకు వాలియుండవచ్చును. అట్లు వాలినచో సొరుగులు తమంత తామే తెరచుకొనును.

మూడవది తలుపులు. రెక్కల తలుపుల లోపలివైపున కొక్కెములు బిగించి పనిముట్లు వ్రేలాడదీయుట గలదు. తెరచిన తలుపు తెరచిన సొరుగు వంటిదే.

నాలుగవది భూకంపము. మనకు భూకంపములు లేవని తలచుట సరికాదు. 1967లో ఒంగోలు ప్రాంతమునందును, 1969లో భద్రాచలము ప్రాంతమునందును భూమి కంపించినది. 2024 డిశంబరు 4వ తేదీన ములుగు ప్రాంతమున 5.3 ప్రమాణము గల భూకంపము వచ్చినది. అట్టి వేళ గోడకు కట్టని ఎత్తైన బీరువాలు వాకిలికి అడ్డముగా పడినచో బయటికి పోవు దారియు మూసికొనిపోవును.

నివారణోపాయములు

1. బరువులు అడుగున నుంచుడు. జాకీలు, సుత్తెలు, గొలుసులు, బేరింగులు క్రింది సొరుగులలోను, పానాలు నడుమను, ఆకురాళ్లు, మరమేకులు, వాషరులు పైనను ఉంచవలెను. దీనికి కాసు ఖర్చు లేదు. ఏ సొరుగులో ఏమున్నదో పైన రంగుతో వ్రాసినచో వెదకులాట తప్పి, ఒకదాని తరువాత ఒకటి తెరచు అవసరమే యుండదు.

2. ఒక సమయమున ఒక్క సొరుగే తెరువుడు. ఒకటి మూసిన పిదపనే రెండవదానిని లాగుట అందరికి అలవాటు కావలెను. ఒక సొరుగు తెరచియుండగా రెండవది రాకుండ లోపల అడ్డుకట్టు గల బీరువాలు అంగడిలో దొరకును. క్రొత్తది కొనునపుడు ఆ యమరిక యున్నదా యని అడిగి, మీరే లాగి చూచి కొనుడు.

3. అడుగు సమము చేయుడు. రసమట్టము పెట్టి చూచి, ముందు కాళ్ల క్రింద పలుచని ఇనుపరేకు ముక్కలు దూర్చి, బీరువా గోడవైపు వెంట్రుకవాసి వాలునట్లు నిలుపవలెను. కఱ్ఱ పేళ్లు తడికి ఉబ్బి కుళ్లును గావున పనికిరావు.

4. గోడకు బంధింపుడు. ఇది అన్నిటికంటె ముఖ్యము. ఇటుక గోడయైనచో బీరువా తల దగ్గర రెండువైపుల ఇనుప యాంగిల్ ముక్కలు బిగించి, గోడలో గట్టి ఇటుక నడుమ రంధ్రము చేసి, గోడలో విచ్చుకొని పట్టు బోల్టులు వేయవలెను. ఇటుకల నడిమి సున్నపు సందులో వేసినది పట్టు విడుచును. బీరువా వైపున పలుచని వెనుక రేకునకు గాక గట్టి చట్రమునకే బిగించి, లోపల వెడల్పైన వాషరు వేయుడు. మట్టి గోడయందును, మట్టితో కట్టిన రాతి గోడయందును, గుల్ల సిమెంటు దిమ్మెల గోడయందును ఇట్టి బోల్టులు నిలువవు. అచ్చట గోడ ఈవలనుండి ఆవలకు పొడవైన బోల్టు దూర్చి, బయటివైపున జానెడు ఇనుప పలక వేసి నట్టు బిగింపవలెను. బీరువాకును గోడకును నడుమ సందున్నచో అందులో కఱ్ఱ దిమ్మె ఉంచి బిగింపుడు.

5. గోడ పనికిరానిచోట పాదము పెంపుడు. బీరువా అడుగున రెండు బలమైన యాంగిల్ ఇనుములను ముందునకు 15 సెంటీమీటరులు చాచియుండునట్లు బోల్టులతో బిగింపవలెను. అప్పుడు ఇరుసు ముందునకు జరుగును. పై లెక్కలోని బీరువాకే నాలుగు సొరుగులు తెరచిచూడుడు: పడద్రోయు బలము 1400నుండి 200కు దిగును, నిలుపు బలము 1350నుండి 2250కి ఎక్కును. చాచిన కొసలు కాలికి తగులకుండ వాటిపై పలక వేసి పసుపు రంగు పూయుడు.

6. ఒకదానిపై ఒకటి పెట్టిన పెట్టెలను బోల్టులతో కలుపుడు. చక్రములు గల బీరువాకు చక్రముల తాళములు ఎల్లప్పుడును వేసియుంచుడు.

7. జరుపవలసినపుడు సొరుగులన్నియు ఖాళీచేసి, ఊడదీసి, ఇద్దరు చేరి అడుగున పట్టి జరుపుడు. తల పట్టుకొని నెట్టరాదు. బీరువా ఒరుగుట మొదలిడినచో చేతులతో ఆపబోక ప్రక్కకు తప్పుకొనుడు. పనిముట్లు మరల కొనవచ్చును.

పిల్లల విషయము

ఎరువులకో, విత్తనములకో వచ్చు సభ్యుల వెంట పిల్లలును వత్తురు. పెద్దలు లెక్క చూచుకొనుచుండగా పిల్లలు కార్ఖానాలోనికి పోవుదురు. సొరుగులు వారి కంటికి మెట్లవలె కనబడును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో బట్టలు దాచు సొరుగుల బీరువాలు మీదపడి పిల్లలు మరణించుచుండుటచే, అట్టివి ఒరగకుండునట్లు తయారు చేయవలెనని 2022 డిశంబరులో శాసనమే చేసిరి. బట్టల బీరువాకే ఇంత యపాయమున్నపుడు ఇనుము నింపిన బీరువా మాట చెప్పనేల? కావున పనివాడు లేనపుడు సొరుగులకు తాళము వేసి, కార్ఖానా వాకిలికి గడియ పెట్టియుంచవలెను.

సంఘములు చేయవలసినది

పై పనులలో మొదటి రెండింటికి ఖర్చు లేదు. తక్కినవానికి రెండు మూడు యాంగిల్ ముక్కలు, కొన్ని బోల్టులు, ఊరి కమ్మరి లేక వెల్డింగు పనివాని ఒక పూట కూలి చాలును. ఒక ప్రమాదమునకగు వైద్యపు ఖర్చుతో పోల్చినచో ఇది లెక్కలోనిది కాదు.

కార్యవర్గమువారు రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చించి, ఈ పని చేయించు భారమును కార్యదర్శికో, కార్ఖానా మేస్త్రీకో పేరు పెట్టి అప్పగించుట మంచిది. అందరి పని ఎవరి పనియు కాదు గదా. ఏటేట రెండు మారులు, తొలకరికి ముందొకసారియు, వానలు వెనుకపట్టిన పిదప నొకసారియు, రసమట్టము పెట్టి చూచి, బోల్టులు బిగించి, తేదీని చరాస్తి పుస్తకమున వ్రాయవలెను. సభ్యులును గోదామునకు వచ్చినపుడు కార్ఖానాలోనికి తొంగిచూచి “బీరువా గోడకు కట్టితిరా?” అని అడుగుటకు సంకోచింపరాదు. సంఘపు సొత్తు సభ్యుల సొత్తు. అందు పనిచేయు బాలుడును మన యూరి బిడ్డయే.